ఉప్పునీటి ట్యాంకు డైరీ: నాచు, పాచి, వంటింటి ఆర్‌ఓ

జనవరి 19, ఆదివారం

మొత్తానికి నీళ్లు పోశాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. గాజు లెక్కన 190 లీటర్లు పట్టాలి. రాళ్లూ ఇసుకా పైన వదిలిన ఖాళీ పోను అసలు నీళ్లు 150 లీటర్లే. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో మూడో అంతస్తు ఫ్లాటు, హాల్లో తూర్పు కిటికీ పక్కన స్టాండు. కింద సంపు అనే చిన్న తొట్టి, అందులో నురగతో మురికి లాగే స్కిమ్మర్, నీళ్లు తిరిగి పైకి పంపే రిటర్న్ మోటారు.

సముద్రం మనకు మూడొందల కిలోమీటర్ల పైమాటే. సూర్యలంక నుంచి క్యాన్లలో నీళ్లు తెప్పించుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఒడ్డున తోడిన నీళ్లలో ఏముంటుందో తెలియదు, పైగా వారానికోసారి బాపట్లకు ఎవరు పోతారు? అక్వేరియం ఉప్పే కొన్నాను. లీటరుకు 37 గ్రాముల చొప్పున మొదటిసారికే ఐదున్నర కిలోలు పట్టింది. అమ్మ ఆ బకెట్ ధర విని, "మనింట్ల ఉప్పు లేదారా?" అంది. వంటుప్పులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే, సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయని చెప్పాను. నమ్మినట్టు లేదు.

రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025. నీళ్లు వంటింటి ఆర్‌ఓ నుంచే పట్టాను, మూడు రోజులు పట్టింది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 38 చూపించింది. సున్నా ఉండాలంటారు గానీ, 38కి ఏమవుతుందిలే అనుకున్నాను. (ఈ వాక్యం ఇలాగే ఉంచుతున్నాను.)

పగడాలు పెట్టే ఉద్దేశం ఇప్పట్లో లేదు. మన సముద్రాల్లోంచి తీసిన పగడాలు కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రాళ్లు కూడా ఎండువే తీసుకున్నాను, 14 కిలోలు.

ఫిబ్రవరి 23

సైకిల్, అంటే చేపల వ్యర్థాలను విరిచే బాక్టీరియా ట్యాంకులో పెరగడం, పూర్తయింది. నిన్న 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వేశాను, ఇవాళ అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. ఐదు వారాలు ఖాళీ ట్యాంకు చూస్తూ కూర్చున్నందుకు ఇంట్లో అందరి మాటలూ పడ్డాను. రాళ్ల మీద బాక్టీరియా పట్టేదాకా చేప వేయకూడదంటే, "చేపల్లేని చేపల తొట్టి మనదే" అని మా ఆవిడ వచ్చినవాళ్లకల్లా చూపించింది.

వచ్చే వారం రెండు క్లౌన్ చేపలు, హాచరీలో పుట్టినవి. పాప అప్పుడే పేర్లు పెట్టేసింది: బూంది, లడ్డు.

ఈ నెలలోనే వంటింటి ఆర్‌ఓ సర్వీసు కూడా అయింది. ఇప్పుడు నీళ్లు తియ్యగా ఉన్నాయని అమ్మ సంతోషం.

మార్చి 6

ఇసుక మీద బెల్లం పొడి చల్లినట్టు గోధుమరంగు. పొద్దున కొంచెం, సాయంత్రానికి సగం ఇసుక. వేలితో రాస్తే పొడిలా లేచిపోతుంది. డయాటమ్‌లు, ఒక రకం సూక్ష్మమైన నాచు.

కొత్త ట్యాంకులో ఇవి రావడం మామూలే. ఇవి తమ గూళ్లు సిలికాతో కట్టుకుంటాయి. కొత్త ఇసుకలో, నీళ్లలో ఉన్న సిలికా అయిపోతే వాటి ఆటా అయిపోతుంది. అందుకని మందులూ మాయలూ ఏమీ పెట్టుకోలేదు. గాజు తుడిచాను, ఇసుక పై పొర పైపుతో లాగాను, 30 లీటర్లు మార్చాను. నాచు తినే ట్రోకస్ నత్తలు ఆరు తెచ్చాను. ఆస్ట్రేయా రకం నత్తలు చవకగా ఉన్నాయి కానీ వెల్లకిలా పడితే వాటంతట అవి లేవలేవు. ఆఫీసుకు పోయిన నేనొచ్చి లేపాలంటే కుదరదు. ట్రోకస్‌లు లేస్తాయి.

నత్తల్ని గంటన్నర బొట్టుబొట్టుగా ట్యాంకు నీళ్లకు అలవాటు చేశాను. ఉప్పు తేడాను ఇవి చేపలంతగా తట్టుకోలేవు.

మార్చి 27

గోధుమరంగు పోలేదు. రెండు వారాల్లో పోవాల్సింది. పైగా కిటికీ వైపు రాయి నెత్తిన పచ్చగా జుట్టు మొలిచింది. అరంగుళం పొడవు, నీటి పోటుకు ఒకే వైపు దువ్వినట్టు వాలి ఉంది. చూడ్డానికి అందంగానే ఉంది, అదే బాధ.

టెస్టులు చేశాను. నైట్రేట్ 2 లోపే, ఫాస్ఫేట్ సీసాలో రంగే లేదు. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి కదా, మరి ఇది ఏం తిని బతుకుతోందని రెండు రోజులు జుట్టు పీక్కున్నాను (నా జుట్టు). లైటు పదకొండు గంటలు వెలుగుతోంది, దాన్ని ఆరుకు తగ్గించాను. పొద్దుటెండ ట్యాంకు మీద పడకుండా కిటికీకి మందపు పరదా కట్టాం.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పానకం తాగి బకెట్ ముందు కూర్చున్నాను. రాళ్ల మీది నాచు గీకే ఈ పని ఎలా ఉంటుందో ఒకసారి వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే ఇది ట్యాంకులో చేయి పెట్టి చేసే పని కాదు.

మొదట ఆ బకెట్‌లో ట్యాంకు నీళ్లు పది లీటర్లు తీశాను. రాయిని మెల్లగా ఎత్తి అందులోకి. పాత టూత్‌బ్రష్, గట్టి కుచ్చుది. నాచును మొదట వేళ్లతో పీకాలి, బ్రష్ తర్వాత. నేరుగా బ్రష్ వేస్తే దారాలు తెగి, మొదళ్లు రాతి రంధ్రాల్లో ఉండిపోతాయి. రెండు వేళ్ల మధ్య చుట్టి, తలలో చిక్కు తీసినట్టు అడుగు నుంచి లాగితే "పర్" మని సన్నగా ఊడి వస్తుంది. తర్వాత బ్రష్. పది నిమిషాలకు బకెట్ గోంగూర కడిగిన గిన్నెలా అయింది. ఆ నీళ్లలో ఒక చిన్న పీతలాంటిది ఈదుతూ కనబడింది. ఎండు రాళ్లలోకి ఎట్లా వచ్చిందో, నత్త గుల్ల మీద కూర్చుని వచ్చి ఉంటుంది. దాన్ని చెంచాతో తీసి మళ్లీ ట్యాంకులో వేశాను.

రాయిని ఇంకో బకెట్ ఉప్పునీళ్లలో జాడించి లోపల పెట్టాను. ట్యాంకులోనే గీకితే తెగిన ప్రతి ముక్కా ఇంకో రాయి వెతుక్కుంటుంది. నాలుగు రాళ్లకు రెండు గంటలు పట్టింది, నడుం పట్టేసింది.

సాయంత్రం ఇదే పిచ్చి ఉన్న ఒక మిత్రుడు వచ్చి, తన డిజిటల్ చెకర్‌తో ఫాస్ఫరస్ చూశాడు. 39. అది బిలియన్‌లో పాళ్లు. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ 0.12 పీపీఎం. నా చుక్కల కిట్‌లో రంగే రాలేదు, లేదా నా కళ్లకు ఆనలేదు. ఎండు రాళ్లలో ఇంకిన ఫాస్ఫేట్ నెలల తరబడి మెల్లగా కారుతూనే ఉంటుందట. ఇక నైట్రేట్ ఎందుకు తక్కువుందంటే, అదంతా నాచు తినేస్తోంది. జీతం పడ్డరోజే మొత్తం ఖర్చయ్యే ఇంట్లో బ్యాంకు బ్యాలెన్స్ చూసి, వీళ్లకు ఆదాయమే లేదనుకున్నట్టుంది నా లెక్క.

ఫాస్ఫేట్‌ను పట్టేసే ఫెరిక్ ఆక్సైడ్ గుళికలు తెచ్చి సంపులో పెట్టాను, డబ్బా మీద రాసిన దాంట్లో సగమే. ఫాస్ఫేట్‌ను ఒక్కసారిగా సున్నాకు లాగేస్తే డైనోఫ్లాజెల్లేట్‌లనే ఇంకో రకం సూక్ష్మజీవులు రావచ్చు. చీమిడి తీగల్లా వేలాడుతూ, బుడగలతో. వాటి ముందు ఈ నాచు బంగారం. మిత్రుడి ట్యాంకులో కిందటేడు చూశాను. నాకు వద్దు.

ఏప్రిల్ 16

ఎండలు ముదిరాయి. ట్యాంకు 31 డిగ్రీలు దాటింది. నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెడితే 28కి దిగింది, కానీ రోజూ మూడున్నర లీటర్లు ఆవిరైపోతున్నాయి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి పోసేది మంచినీళ్లే. పొద్దున ఒక జగ్గు, రాత్రి ఒక జగ్గు.

ఇవాళ కొత్త చుట్టం. కుడి మూల ఇసుక మీద ముదురు ఎరుపు చాప, దాని మీద సన్నసన్న బుడగలు. రాత్రి లైటు ఆరాక కొంత పల్చబడి, మధ్యాహ్నానికి మళ్లీ చిక్కబడుతోంది.

అమ్మ దేవుడి దీపం పెట్టి వస్తూ ఆగింది. "గిది నాచు కాదురా."

"ఎర్ర నాచంటారు అమ్మా."

"కాదు. నాచుకు పోగుంటది. గిది పాచి. మా బాయి మెట్ల మీద గిట్లనే తోలు లెక్క పట్టేది, గోటితో లేపితే మొత్తం లేచొచ్చేది. నాచు పీకాలె, పాచి ఎత్తాలె."

సన్న పైపు పెట్టి అంచున లాగాను. నిజంగానే దోసె పెనం మీంచి లేచినట్టు అరచేతంత ముక్క ఒక్కసారే లేచి పైపులోకి పోయింది.

అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు కానీ అన్నమాట అక్షరాలా సరి. అది నాచు జాతే కాదు, సయనోబాక్టీరియా. ఎండతో ఆహారం చేసుకునే బాక్టీరియా. కాబట్టి నాచుకు చేసే వైద్యం ఒక్కటే దీనికి చాలదు. ఇది పట్టేది నీళ్లు కదలనిచోట, తిండి ముక్కలు చేరేచోట. మా కుడి మూల సరిగ్గా అలాంటిదే, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌కు పెద్ద రాయి అడ్డం. వేవ్‌మేకర్‌ను ఎదురు గాజుకు మార్చాను. ఇసుక రేణువులు కొంచెం కదిలేంత పోటు వస్తోంది.

ఎరిత్రోమైసిన్ వేస్తే రెండు రోజుల్లో పోతుందని సలహాలు వచ్చాయి. నిజమే, బాక్టీరియా కాబట్టి పోతుంది. కానీ ఐదు వారాలు కూర్చుని పెంచుకున్నవి కూడా బాక్టీరియానే. పైగా ఆ నీళ్లు చివరికి మోరీలోకే పోతాయి. యాంటీబయాటిక్‌ను మోరీలో పోసేంత అవసరం నాకు రాలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

దొరికింది. మూడు నెలలుగా ట్యాంకులోకి చూస్తున్నాను, చూడాల్సింది వంటింట్లోకి.

పొద్దున జగ్గు నింపుతుంటే పాప టీడీఎస్ మీటరుతో ఆడుతోంది. పాలల్లో ముంచుతానంటే వద్దని జగ్గులో ముంచమన్నాను. "నాన్నా, ఒకటి ఒకటి రెండు." 112. జనవరిలో చూసినప్పుడు 38. మళ్లీ కడిగి ముంచాను, 112.

ఆర్‌ఓ మూత తీశాను. నీళ్లను వడగట్టే మెంబ్రేన్ పక్కన వేలంత తెల్ల ముక్క ఉంది, దాని మీద స్క్రూ. టీడీఎస్ కంట్రోలర్. మెంబ్రేన్ దాటిన నీళ్లలో కొంచెం దాటని నీళ్లు కలిపే ఏర్పాటు, రుచి కోసం. ఫిబ్రవరిలో సర్వీసుకొచ్చిన అబ్బాయి ఆ స్క్రూ తిప్పి పోయాడు. అతన్ని తప్పు పట్టలేను. తాగేవాళ్లకు అది మంచిదే, అమ్మ మెచ్చుకుంది కూడా. చేపల తొట్టికి ఇవే నీళ్లు వాడుతున్నానని అతనికి నేను చెప్పలేదు.

నైట్రేట్ కిట్ తెచ్చి వంటింటి నీళ్లకు టెస్టు చేశాను: 10. బోరు నీళ్లకు చేశాను: సీసా ముదురు గులాబీ, కిట్ కార్డులో 50 గడి పక్కన. తాగే నీటికి మన బీఐఎస్ పరిమితే 45. (ఇది వేరే గొడవ, అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పెట్టాలి.)

ఇక లెక్క. సర్వీసు జరిగిన ఫిబ్రవరి రెండో వారం నుంచి ఇప్పటిదాకా మొదట రోజుకు రెండు లీటర్లు, తర్వాత మూడున్నర. మొత్తం దాదాపు 160 లీటర్లు ఆవిరికి బదులు పోశాను. ట్యాంకులో ఉన్నవే 150. లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 1,600 మిల్లీగ్రాముల నైట్రేట్ నా చేత్తో నేనే పోశాను. 150 లీటర్లకు పంచితే పదికి పైనే. చేపల తిండి లెక్క వేరు, నీళ్లు మార్చినప్పుడు కలిపిన ఉప్పునీళ్లు వేరు. నీరు ఆవిరైపోతుంది, మిగతాదంతా ట్యాంకులోనే ఉంటుంది. మళ్లీ పోస్తాం, మళ్లీ ఉంటుంది.

డయాటమ్‌లు ఎందుకు పోలేదో కూడా ఇప్పుడర్థమైంది. మన ఊరి కింద ఉన్నదంతా గ్రానైట్. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో సిలికా కరిగి ఉంటుంది. వాటి సిలికా ఎప్పుడైపోతుందా అని ఎదురుచూస్తూ, రోజూ రెండు జగ్గులు నేనే వడ్డించాను.

ఏప్రిల్ 26

రాణిగంజ్ నుంచి సామాను తెచ్చాను. ఒక సెడిమెంట్ ఫిల్టర్, ఒక కార్బన్ బ్లాక్, రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం, బూస్టర్ మోటారు, 50 లీటర్ల ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ము రెండు. బూస్టర్ తప్పదు. మా పైన ట్యాంకు పన్నెండడుగుల ఎత్తులో ఉంది, అంటే ఐదు పీఎస్‌ఐ. మెంబ్రేన్ అడిగేది అరవై. బూస్టర్ లేకుండా ఒక రాత్రంతా పెట్టి చూశాను, చెంబెడు నీళ్లొచ్చాయి.

ఇప్పుడు టీడీఎస్ మెంబ్రేన్ దగ్గర 17, రెజిన్ దాటాక 0. లీటరుకు ఐదారు నిమిషాలు. ఒక లీటరుకు మూడు లీటర్లు బయటికి పోతున్నాయి, అవి బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌కు. మా ఆవిడ పెట్టిన షరతు ఇదొక్కటే.

ఒక జాగ్రత్త, ఎవరికైనా పనికొస్తుంది. రెజిన్ అయిపోవస్తుంటే అన్నిటికంటే ముందు బయటికి జారేది సిలికానే. అది టీడీఎస్ మీటరుకు సరిగా కనబడదు. కాబట్టి మీటరు సున్నా చూపిస్తున్నా రెజిన్ రంగు ముప్పాతిక మారగానే మార్చేయాలి.

మే 4

నిన్న సాయంత్రం గాలివాన. చెట్టు కూలి వైర్ల మీద పడింది, కరెంటు నాలుగున్నర గంటలు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నందుకు మొదటిసారి ఇంట్లో మంచిమాట వచ్చింది. చేపలు బాగున్నాయి.

మే 11

రెండు రాళ్ల మీద నాచు మొదళ్లు వదలట్లేదు. మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అడిగితే ఇచ్చేది 20 వాల్యూమ్, అంటే 6 శాతం. సగానికి సగం డీఐ నీళ్లు కలిపితే 3. రాయి బయటికి తీసి, నత్తలేమీ లేవని తిప్పి చూసి, బ్రష్‌తో మొదళ్ల మీద మాత్రమే పూశాను. సుర్రుమని నురగ. మూడు నిమిషాలాగి ఉప్పునీళ్లలో రెండుసార్లు జాడించి పెట్టేశాను.

మూడోరోజుకు ఆకుపచ్చ పోయి పాలిపోయిన తెలుపు. నత్తలు ముదురు నాచును ముట్టేవి కావు, ఇప్పుడు ఆ తెల్ల మొదళ్ల మీద బారులు తీరాయి. లేత చిగురు, చచ్చిన మొదలు తప్ప రెండంగుళాల జుట్టును నత్తలు తింటాయనుకోవడం మన ఆశ. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో ఆరు నత్తలు కొనేవాణ్ని కాదు.

జూన్ 1

ఇసుక తెల్లగా ఉంది. మళ్లీ చెబుతున్నాను, ఇసుక తెల్లగా ఉంది. ఆవిరికి బదులు పోసే నీళ్లు మారి ఐదు వారాలు. గోధుమరంగు ఒక్క రోజులో పోలేదు, రోజూ కొంచెం తక్కువగా వస్తూ వస్తూ ఒకరోజు రావడం మానేసింది. ఎర్ర పాచి కుడి మూల రూపాయి బిళ్లంత మిగిలింది, దాన్నీ ఎత్తేశాను.

మిత్రుడి చెకర్‌లో ఫాస్ఫరస్ 16. అంటే ఫాస్ఫేట్ 0.05. నైట్రేట్ 5. నాచు ఉన్నప్పుడు 2, పోయాక 5! పెరిగిందని మొదట గుండె ఝల్లుమంది. తినేవాడు పోయాడు కాబట్టి కనబడుతోంది, అంతే. దీన్ని ఇంకా తగ్గించే ప్రయత్నమేదీ చేయను.

చేపల తిండిలో ఒక మార్పు. ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల్లాంటివి) గడ్డను ఇదివరకు నేరుగా వేసేవాణ్ని. ఇప్పుడు టీ వడపోసే జాలీలో కరగనిచ్చి, ఆ రసం పారబోసి వేస్తున్నాను. ఆ జాలీ కనబడకపోయేసరికి పొద్దున టీ దగ్గర చిన్న విచారణ జరిగింది.

జూన్ 22

ఏమీ లేదు. నీళ్లు 15 లీటర్లు మార్చాను. లడ్డు కసిరింది, వేలు కొరకబోయింది.

జూలై 10

రాత్రి లైటు ఆరబోయే ముందు అమ్మ పిలిచింది. కళ్లజోడు గాజుకు ఆనించి చూస్తోంది. మధ్య రాయి మీద, నేను నవమి నాడు గీకిన చోటే, ఆవగింజంత గులాబీ మచ్చ. పక్కన ఇంకోటి.

"మళ్లా వచ్చింది చూడు. ఇది నాచా, పాచా?"

కోరలైన్ అనే నాచు. నత్త గుల్లల మీద వచ్చి ఉంటుంది, వాటి మీద అక్కడక్కడా ఊదారంగు ముందే ఉండేది. ఇది అసలైన ఎర్ర నాచు జాతిదే కానీ రాయిలా గట్టిగా పట్టుకుంటుంది, కాల్షియంతో. దీనికోసం జనం నెలల తరబడి ఎదురుచూస్తారు.

"నాచే అమ్మా. కానీ దీన్ని గీకొద్దు."

"నీ తొట్టిల ఏది ఉంచాల్నో ఏది తియ్యాల్నో నాకు అర్థం కాదు," అని పడుకోవడానికి పోయింది.

రెజిన్ గొట్టం సగం పైన రంగు మారింది. ఆదివారం లష్కర్ బోనాలు, రాణిగంజ్ వైపు బండి కదలదు. మంగళవారం ఆఫీసు నుంచి అటే పోవాలి.